రెండోవైపు

మూడు నిమిషాలకే పాట అయిపోయింది. మా మొదటి రికార్డు మీద ముల్లు ఉత్తినే గీరుకుంటోంది.

"నా గిటారేదిరా?" అన్నాను.

దార్దో టీలా తాగే మాతే ఆకు సొరబుర్రలో వేసి, దాని మీద వేడినీళ్ళు పోస్తున్నాడు. మేం వాయించిన పాట తొమ్మిది నిమిషాలు. పాడింది వాడు. సగానికి పైగా నా గిటారే.

"రెండోవైపు ఉంటుందిలే," అన్నాడు తలెత్తకుండా.

తిప్పి పెట్టాను. వయొలిన్లతో ఏదో ప్రేమపాట. గొంతు దార్దోదే.

"ఇదెప్పుడు పాడావు?"

"నువ్వు మీ నాన్నని పూడ్చడానికి రొసారియో వెళ్ళావు చూడు, అప్పుడు. కంపెనీవాళ్ళు కబురు పెట్టారు. స్పానిష్‌లో రాక్ వెయ్యడమే ఎక్కువ, మళ్ళీ అంతసేపు గిటారా అన్నారు."

"నువ్వేమన్నావు?"

బుర్ర నా చేతిలో పెట్టాడు. "తాగరా, చల్లారిపోతుంది."

బడి రోజుల నుంచి ఇద్దరికీ ఒకే బుర్ర, పీల్చడానికి ఒకే గొట్టం. బ్యూనస్ ఏరీస్‌లో మాతే పోసినవాడికి ఎవరూ ఊరికే థాంక్స్ చెప్పరు. చెప్పారంటే, ఇక నాకు పొయ్యొద్దని.

అడుగుదాకా పీల్చి బుర్ర తిరిగిచ్చాను. వాడు అలవాటుగా మళ్ళీ కెటిల్ ఎత్తాడు.

"థాంక్స్, దార్దో," అన్నాను.