ముందు ఎవరి పేరు

తప్పెవరిదో తేలేవరకూ ఇక్కణ్ణించి ఎవరూ కదలడానికి వీల్లేదన్నాడు ఎండీ.

ఎవరూ కదల్లేదు.

ఆయన ఎక్కడ నిలబడితే అక్కడే మీటింగు. క్యాంటీనైనా సరే, కార్ల షెడ్డయినా సరే. కుర్చీలుండవు, టీ రాదు. నిలబడి మాట్లాడుకుంటే పనులు త్వరగా తెములుతాయని ఎక్కడో సెమినార్లో విని వచ్చాడు. ఇవాళ పొద్దున మొదలైన మీటింగు భోజనాల వేళ దాటినా తెమల్లేదు.

ఉన్నది నలుగురు. ఎండీ, ఆయన బావమరిది, సేల్స్ మేనేజరు, ఇక కాళ్ళు పీకి నేలమీద చతికిలబడి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్న ప్రోగ్రామరమ్మాయి.

కంపెనీ తయారుచేసిన కొత్త మిషను పొద్దున పరీక్షలో బాగానే మొదలైంది. మధ్యలో కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. అంతే, మిషను మళ్ళీ లేవనని మొండికేసింది.

"దీనికి కారణమైన వాళ్ళని ఇవాళే ఇంటికి పంపించేస్తాను," అన్నాడు ఎండీ.

ప్రోగ్రామర్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తింది. ఆమె ప్రొబేషన్ ఇవాళ్టితో అయిపోతుంది. సాయంత్రం ఎండీ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే లేదు. తండ్రి పనిచేసే మిల్లు మూతపడ్డాక ఇంటిల్లిపాదికీ ఆ ఉద్యోగమే దిక్కు.

"సార్, తప్పు వరసలో ఉంది," అంది.

మిషను మెదడులో కెర్నెల్ అని ఒకటుంటుంది. కరెంటు రాగానే ఒక్కో సబ్‌సిస్టమూ, అంటే మిషన్లో ఒక్కో భాగమూ, దాని దగ్గరికెళ్ళి పేరు నమోదు చేయించుకోవాలి. ముందున్నదాని పని అయితేగానీ వెనకదానికి పిలుపు రాదు. పిలుపు రానిది ఎంత గొప్పదైనా కెర్నెల్ లెక్కలో లేనట్టే.

ఈ కంపెనీలో ఆ వరసని హోదాలు చూసి వేశారు. మొదటి పేరు గొంతుది. మిషను లేవగానే స్వాగతం పాట పాడుతుంది. గొంతు విభాగానికి హెడ్డు బావమరిది. రెండో పేరు ప్రకటనలు చూపించే తెరది. అది సేల్స్ మేనేజరు సొత్తు. నిజంగా పనిచేసే మోటార్ల పేరు చిట్టచివర ఉంది. పాపం, మోటార్లకి కంపెనీలో చుట్టాలెవరూ లేరు.

"గొంతు నమోదవ్వాలంటే ముందు నెట్‌లోంచి పాట దించుకోవాలి సార్. పొద్దున మొదలుపెట్టినచోట సిగ్నల్ ఉంది, ఇక్కడ లేదు. అది పాట కోసం కూచుంది, దాని వెనక మిగతావన్నీ కూచున్నాయి. మోటార్ల లైను ఒక్కటి పైకి జరిపితే చాలు. మిషనుకి ల్యాప్‌టాప్ కేబుల్ తగిలించే ఉంది. ఎంతో సేపు పట్టదు."

సిగ్నల్ లేదన్నది నిజమే. ఆ కంపెనీ పుట్టాక ఎవరూ ఫోను చూసుకోని మీటింగు ఇదొక్కటే.

"మోటార్లు ముందా?" బావమరిది ఒంటికాలిమీద లేచాడు. "ఆ పాట పాడింది మా అక్క, బావగారూ. అక్క పాటని మోటార్ల వెనక్కి నెడతారా?"

"ఆఫీసులో సార్ అనమన్నానా?" అన్నాడు ఎండీ. గాలాడక అందరికీ చెమటలు పడుతూనే ఉన్నాయిగానీ, అక్క పేరు వినగానే ఆయనకి ఇంకాస్త ఎక్కువ పట్టాయి. "పోనీ, నువ్వే ఒక మాట మీ అక్క చెవిన వేసి చూడు."

"నేనా? నేను మీ ఇంట్లోనే కదా భోంచేసేది, సార్."

సేల్స్ మేనేజరు తళతళలాడే గోడలో చూసుకుంటూ టై సర్దుకున్నాడు. "మేడం గారి పాట వెనక నిలబడ్డం మా తెరకి గౌరవం సార్. గ్రీజు వెనక నిలబడమంటే మాత్రం కష్టం. ప్రకటనలిచ్చినవాళ్ళకి నా మొహం ఎలా చూపించను?"

"ఆఖర్న నమోదైనా పాట పాటే సార్, తెర తెరే," అంది ప్రోగ్రామర్. "మీరు ఊఁ అనండి చాలు."

ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. ఈ సంగతి ఆమె వరస వేసేటప్పుడే చెప్పింది. ఈ అమ్మాయికి సంగీతమంటే పడదనుకుంటా అని అప్పుడు బావమరిది నవ్వాడు. ఆయన నవ్వాడు గనక తక్కినవాళ్ళూ నవ్వారు.

ఎండీ కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఒకవైపు భార్య, బావమరిది, ప్రకటనలిచ్చేవాళ్ళు. ఇంకోవైపు ఈ పిల్ల ఒక్కతే. ఆయనకిది పెద్ద లెక్కేం కాదు.

"ఆ వరసని కెర్నెల్లో టైపు చేసిందెవరు?" అన్నాడు.

"నేనే సార్. మీరు చెయ్యమంటేనే..."

"చెయ్యమన్నది ఎవరని నేనడగలేదు. చేసిందెవరని అడిగాను. నువ్వే ఒప్పుకున్నావు."

బావమరిదీ సేల్స్ మేనేజరూ ఒక్కసారే తలలూపారు. పొద్దుట్నుంచీ వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం ఇదే మొదలు.

"నిన్ను తీసేశాను," అన్నాడు ఎండీ. "ఈ నిమిషం నుంచీ మా ఫైళ్ళలో ఒక్క అక్షరం ముట్టుకోవడానికి వీల్లేదు. మిషను సంగతి మేం చూసుకుంటాం. ఇక బయటికి నడువు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. కేబుల్ పీకి చుట్టచుట్టింది. ల్యాప్‌టాప్ మూసి ఎండీ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

ఆమె లేచి బట్టలు దులుపుకుంది.

"అలాగే సార్. కాస్త దారివ్వండి."

ముగ్గురూ గోడకి ఒదిగి దారయితే ఇచ్చారుగానీ, పొద్దున పరీక్షకని నలుగురూ కలిసి ఎక్కిన ఆ కొత్త లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇంకా వేలాడుతూనే ఉంది.