ఇరవై ఆరు డిగ్రీలు

మూడోసారి కూడా చిప్పు ప్రోగ్రాము తీసుకోలేదు.

"ఛ!" అంటూ తల పట్టుకున్నాడు సురేంద్ర.

ఇది రెండువేల ఆరు డిసెంబరు నాటి మాట. లంబసింగి అవతల, కొండ మీది పట్టుపురుగుల షెడ్డు. గదిలో వేడి తగ్గకుండా హీటరుని నడిపే కంట్రోలరు, ముందురోజు కరెంటు దెబ్బకి పిచ్చి అంకెలు చూపిస్తోంది. దాన్ని తయారుచేసింది సురేంద్రే. విశాఖలోని కంపెనీ అతన్ని ఒంటరిగా పంపిన మొదటి పని కూడా ఇదే. ఇక చూసుకోండి, ఆ చలిలో కూడా చెమటలు!

"రేపు పొద్దున్నకి గుడ్లు పగిలి పురుగులొచ్చేస్తాయి సార్," అన్నాడు సూపర్‌వైజరు పైడయ్య, నాలుగోసారి. "నలభై ఇళ్ళోళ్ళ పంటండి ఇది. ఇరవయ్యారు డిగ్రీలు లేకపోతే ఒక్క పురుగు మిగల్దు."

"తెలుసండీ బాబూ! నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి!"

లాప్‌టాప్‌లో ప్రోగ్రాముకి రెండు మార్పులు చేశాడు. చిప్పుకి ఎక్కించేలా మళ్ళీ బిల్డ్ చేశాడు. చిప్పుని బోర్డు మీద గుచ్చి, కళ్ళు మూసుకుని బటన్ నొక్కాడు.

బల్బు మినుకుమంది.

కరెంటు నిలబడింది. ప్రోగ్రాము ఎక్కింది.

చిప్పు కంట్రోలర్లో పెట్టగానే అంకెలు బుద్ధిగా వెలిగాయి. ఎందుకైనా మంచిదని మూడు రోజులు ఉండి చూసుకుని వెళ్దామనుకున్నాడు. పైడయ్య మాత్రం పనుందని చింతపల్లి వెళ్ళాడు.

అంతలో కిర్రుమని తలుపు తెరుచుకుంది. గోనెగుడ్డ చుట్టిన కుండ ఎత్తుకుని ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది.

"ఎవరమ్మా నువ్వు? అలా తలుపు బార్లా తీస్తావేంటి? వేడంతా బయటికి పోతోంది!"

"రత్నాల్ని బాబూ. ఈ షెడ్డులో పనికుంటాను. పురుగులకి నీళ్ళు తెచ్చినాను."

గదిలో తడి ఉండాలని అతనికీ తెలుసు. "సరే, పెట్టేసి వెళ్ళు. ఊరికే రాకు."

ఆమె వస్తూనే ఉంది. అతను కసురుతూనే ఉన్నాడు.

తెల్లారేసరికి గుడ్లు పగిలాయి. తట్టల నిండా నల్ల చీమల్లా పురుగులు. కంట్రోలరు మీద ఇరవై ఆరు. సురేంద్రకి ప్రాణం లేచివచ్చింది.

"బాబూ, ఆ హీటరు సల్లగుందండి," అంది రత్నాలు. "రెండు మాట్లు సెయ్యెట్టి సూసినాను."

అతను నవ్వాడు. "గదిలో చాలినంత వేడి ఉంటే అది దానంతటదే ఆగిపోతుంది. అదే దాని తెలివి."

"సీకటడినాక సూసినా సల్లగే..."

"అమ్మా, దీన్ని తయారుచేసింది నువ్వా, నేనా?"

ఆమె ముందు పెట్టిన కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మూడు రోజులూ అంకె కదల్లేదు. ఎక్కువైతే ఇరవై ఆరున్నర, అంతే. సురేంద్ర మురిసిపోతూ రిపోర్టు రాశాడు: "కంట్రోలరు బాగా పనిచేస్తోంది. వేడి చూసుకోవడానికి ఇకపై మనిషి అవసరం లేదు." కింద సంతకం పెట్టి బస్సెక్కాడు.

రెండు వారాలు గడిచాయి.

"ఇంకో పది షెడ్లకి ఇదే ప్రోగ్రాము ఎక్కించు," అన్నాడు విశాఖ ఆఫీసులో మేనేజరు, భుజం తట్టి.

సురేంద్ర ఉత్సాహంగా ప్రోగ్రాము తెరిచాడు. తెరిచి, అలాగే ఉండిపోయాడు.

ఆఫీసులో బల్ల మీద పరీక్ష చేసేటప్పుడు హీటరు వెలగకుండా ఆపడానికి ఒక లైను పెట్టుకున్నాడు. బయల్దేరే హడావుడిలో దాన్ని తీయడం మరిచిపోయాడు. అంటే ఆ చిప్పు ఉన్నన్నాళ్ళూ హీటరు వెలగదు. ఒక్క క్షణం కూడా!

వెంటనే షెడ్డుకి ఫోను చేశాడు.

"పైడయ్యగారూ, కొత్త గుడ్లు పెట్టారా?"

"పగిలిపోనాయి కూడానండి, నిన్న. ఏటో సార్, పురుగులు మెదలట్లేదు. అంకె పదమూడు సూపిస్తంది. మీకే ఫోన్ సేద్దారనుకుంతన్నాను."

"హీటరు ముట్టుకుని చూడండి!"

అవతల పైడయ్య నడిచి వెళ్ళి వచ్చిన చప్పుడు.

"సల్లగుందండి."

"మరి నేనున్నప్పుడు గది ఎలా వేడిగా ఉంది?"

"అదేటి సార్, మీ ఎదరే కదా! గంటగంటకీ సలసల కాగిన నీళ్ళ కుండలు తెచ్చి తట్టల కింద పెట్టీది రత్నాలు. సల్లారినవి తీసీసి మళ్ళీ పెట్టీది. ఊర్నించొచ్చి సూసి, మీరే పెట్టమన్నారనుకున్నాను."

సురేంద్ర కుర్చీలోంచి లేచాడు.

"ఆమెని పిలవండి! బేగి పిలవండి!"

"ఎక్కడుందండి? మనిషి అక్కర్లేదని మీ కాయితం ఒచ్చింది కదా. ఆ పురుగులు రైతులకి పంచిన్రోజే తీసీసినారు. సీలేరు కాలనీలో ఎవరింట్లోనో పని దొరికిందని ఎల్లిపోనాది."

"పోనీ, మీరే కుండలు పెట్టండి!"

"ఎన్ని పెట్టాలి, ఏ తట్ట కింద పెట్టాలి, ఎప్పుడు తియ్యాలి? అదంతా దానికే తెల్సండి. అంకెలు సదవడం రాదు గానీ, సెయ్యి పెట్టి సెప్పీసీది." పైడయ్య మళ్ళీ అన్నాడు. "ఇంకెందుకు లెండి సార్. పురుగులు ముట్టుకుంటే రాలిపోతన్నాయి."

ఫోను పెట్టేశాక కూడా సురేంద్ర చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

నలభై ఇళ్ళ పంటని ఆ చలిలో బతికించింది రత్నాలు. ఆమె అవసరం లేదని రాసి సంతకం పెట్టింది తను.