లస్మయ్య పడవ

2011 మార్చి తొమ్మిది, బుధవారం. పొద్దున బడి వరండాలో కూర్చుని పోలీసులు తిన్నది ఉప్మా. ఉప్పు ఎక్కువైంది. అయినా వండిన రాములమ్మను ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఊళ్లో వాళ్లకు వండిపెట్టడానికి ఒప్పుకున్నది ఆమె ఒక్కతే.

తెల్లారితే హైదరాబాద్‌లో ప్రత్యేక తెలంగాణ కోసం మిలియన్ మార్చ్. రైళ్లు ఆపేశారు. బస్సులు ఆపేశారు. ఇక మిగిలింది గోదావరి. అవతలి ఒడ్డు జనం పడవల్లో దాటి అడవి బాటన పోతారని కబురు వచ్చింది.

భూపాలపల్లి నుంచి వచ్చిన ఎస్సై ప్లేటు పక్కన పెట్టి అన్నాడు.

"రేవుల ఒక్క పడవ ఉండొద్దు."

చిన్న పడవలను జీపుకు కట్టి గుంజి, బడి ముందు పడేశారు. మిగిలింది ముసలి లస్మయ్య పడవ.

అది గుంజితే కదిలేది కాదు. నిలువెల్లా టేకు. లస్మయ్య తాత కట్టించింది. ఒకప్పుడు వెదురు, ధాన్యం వేసుకుని గాలివాటున భద్రాచలం దాకా పోయి వచ్చేది. ఆ రేవులో తెరచాప పడవ ఇక అదొక్కటే. మానుకోట కాలేజీలో చరిత్ర చెప్పే సుమిత్ర రెండేళ్లుగా దాని చుట్టే తిరుగుతోంది. రాష్ట్రం వచ్చాక మ్యూజియంలో పెట్టించాలని ఆమె పట్టుదల. ఆ పొద్దు కూడా టేపుతో కొలుస్తూ పడవలోనే ఉంది.

"దిగు మేడం," అన్నాడు ఎస్సై. "కిరోసిన్ పోస్తం."

సుమిత్ర దిగలేదు. లస్మయ్య తెరచాప కొయ్యను కావలించుకుని నిలబడ్డాడు. ఒక కానిస్టేబుల్ డబ్బా మూత తీశాడు. వాసన గుప్పుమంది.

"జర ఆగుండ్రి సార్."

అన్నది కొమురెల్లి. జనగామ నుంచి బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్.

"ఎండిన టేకు సార్. అంటుకుంటే పొగ ఆవలి ఒడ్డుదాక కనవడ్తది. ఇంట్ల కూసున్నోళ్లు గూడ ఉరికొస్తరు. రాళ్లేసి ముంచుదం. సప్పుడు గాదు."

ఎస్సై నవ్వాడు. "జనగామోనివి. బోరు నీళ్లు తప్ప ఎరుక లేనోనివి. నువ్వు నాకు పడవ ముంచుడు చెప్తున్నవా?"

అందరూ నవ్వారు. కొమురెల్లి కూడా నవ్వాడు.

"మళ్ల తేలితే?"

"గా గుట్ట నీడకు మడుగున్నది సార్. నిండ రాళ్లు పోస్తే ఎట్ల తేల్తది?"

ఎస్సై గడియారం చూసుకున్నాడు. "కానియ్."

సుమిత్ర కొమురెల్లి వైపు తిరిగింది. "అన్నా, నువ్వు మనోడివే గదనే. గీ పాపం నీకెందుకు?"

"నన్ను అన్న అనకుండ్రి మేడం. దిగుండ్రి."

ఆమె చెయ్యి పట్టుకుని లాగలేదు. ఒడ్డుకు చెక్క వేసి, దిగేదాకా తల తిప్పుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత బూట్లు విప్పి పడవ ఎక్కాడు. తెరచాప విప్పించాడు. కొయ్య ఊడదీయించాడు. "గివి పైకి కనవడితే ఎవడన్న పసిగడ్తడు. ముసలోని ఇంట్ల పారెయ్యుండ్రి," అన్నాడు.

పడవను మడుగులోకి తోశారు.

"రాళ్లు ముసలోడే మొయ్యాలె," అన్నాడు కొమురెల్లి. "ఆని చేతుల తోటే మునగాలె."

ఆ మాటకు నవ్వుతున్నవాళ్లు కూడా నవ్వు ఆపేశారు. "పాపం తగుల్తదిరా," అని సాంసన్ అనే కానిస్టేబుల్ గొణిగాడు.

లస్మయ్య కొమురెల్లి ముఖంలోకి చూశాడు. తర్వాత వంగి రాయి ఎత్తుకున్నాడు.

"నీ చేతులు పడిపోను. నీ ఇల్లు పాడుగాను."

"తిట్టుకో తాతా. కని ఇసిరెయ్యకు. సార్ మీద నీళ్లు పడ్తయ్. మెల్లగ పెట్టు."

"నువ్వు మనిషివేనారా?"

"నడుమ పెట్టు. ఒక్క దిక్కే పెడితే ఒరిగి తేల్తది."

ఒక్కో రాయికి ఒక్కో తిట్టు. ఎండ నెత్తికెక్కింది. చివరికి పడవ అంచు నీళ్లకు సమానమైంది. గోదావరి తొందర లేకుండా లోపలికి వచ్చింది. పడవ నిండింది. నాలుగు బుడగలు లేచాయి. అంతే.

సుమిత్ర ఒడ్డున కూలబడింది. లస్మయ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి తువాలుతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"మొనగానివే," అని ఎస్సై కొమురెల్లి వీపు తట్టి జీపు ఎక్కాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. రాములమ్మ అందరికీ అన్నం పెట్టుకుంటూ వచ్చింది. కొమురెల్లి పళ్లెం దగ్గర గరిటె ఆగలేదు. పక్కవాడి దగ్గరికి పోయింది. అతను చెంబెత్తి నీళ్లు తాగాడు. సాంసన్ తన పళ్లెంలో సగం అన్నం అతని పళ్లెంలోకి తోశాడు.

తిన్నాక కొమురెల్లి పడుకునే గదిలోకి పోయి ఇంటికి ఫోన్ చేశాడు. అవ్వ ఎత్తింది.

"తిన్నవా బిడ్డా? గొంతేంది గట్లున్నది? ఏం పని జెప్పిండ్రు ఇయాల?"

బయట ఎవరికీ వినబడకుండా తలుపు మెల్లగా మూస్తూ చెప్పాడు. "మనం జనగామకు రాకముందు మంగపేట గోదారి రేవుల బాపు ఏటా ఎండకాలం మన పడవకు జేసిందే జేసిననే అవ్వా, చెక్కలు పగలకుండ నీళ్లల్ల పండవెట్టిన."