కంపెనీ రంగు

కవరు లాగిన నరసింగరావు చెయ్యి బానెట్ మీదే ఆగిపోయింది. బానెట్ మధ్యలో జానెడు గీత. రంగు లేచిపోయి లోపలి రేకు కనబడుతోంది.

పక్కనే పృథ్వీరాజ్ నిలబడి ఉన్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చి, నిన్న రెండు గంటలు ఈ కారు చుట్టూ తిరిగి, బేరం ఖాయం చేసుకున్న మనిషి. కారు 1973 నాటి జపాన్ స్పోర్ట్స్ కారు, డాట్సన్ 240జెడ్. శృంగవరపుకోటలో రైసుమిల్లు యజమాని పోతూ పోతూ దాన్ని తన డ్రైవర్ నరసింగరావుకు ఇచ్చాడు.

"నిన్న లేదిది," అన్నాడు పృథ్వీరాజ్.

"లేదు బాబూ. రంగేయించి ఇస్తాను. సాయంత్రానికల్లా అయిపోతాది."

"మళ్లీ రంగేసినవి నా దగ్గర రెండున్నాయండి. జపాన్‌లో కంపెనీ వేసిన రంగు ఇన్నేళ్లూ అలాగే ఉందనే దీని కోసం వచ్చాను."

"సగమే ఇయ్యండి. సోమవారం మా ఇంటిదానికి విశాఖలో గుండె ఆపరేషను బాబూ."

పృథ్వీరాజ్ గీత మీద వేలు పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. షెడ్డు బయటికెళ్లి, కారు ఎక్కించడానికి తెచ్చిన ట్రక్కును ఖాళీగా వెనక్కి తిప్పించాడు.

ట్రక్కు మలుపు తిరిగేదాకా నరసింగరావు చూశాడు. తర్వాత బావమరిది కొండబాబు చొక్కా పట్టుకున్నాడు.

"పొద్దున్నే షెడ్డు తలుపు తీసింది నువ్వే కదరా. ఏటి సేసావు, సెప్పు!"

"నానా? మతుండే మాటాడతన్నావా బావా? మా అక్క పేణం మీద నానే గీత గీస్తానా?"

"మరెవుడు గీసాడు? కారే గీసుకున్నాదా?"

చెంప పగిలేలా కొట్టాడు. కొండబాబు తప్పుకోలేదు.

"ఇంకోటి కొట్టు. ఆపరేషనయిపోతాదేటి?"

నరసింగరావు మళ్లీ చెయ్యి ఎత్తాడు. ఈలోగా అతని భార్య ధనలక్ష్మి గోడ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఆ పది అడుగులకే ఆయాసపడింది. తమ్ముడికి అడ్డంగా నిలబడి, ఊపిరి అందేదాకా ఆగింది.

"ఆడ్ని వదిలీ మావా. ఒంక లేదు, ఒంక లేదని నిన్న ఆ బాబు ఎన్నిసార్లన్నాడో ఇన్నావు కదా? దిష్టి తగిలి బేరం సెడిపోతాదని, మేకు పట్టుకుని నానే గీసాను."