చప్పుడు ఆగినంక

"ఈ పొద్దు స్విచ్ నేనే దించుతా," అంటూ రుద్రమ్మ పక్కింటి వీరభద్రయ్య మరమగ్గాల షెడ్డులోకి దూరింది.

ఎండలు ముదిరినాయని, కరెంటు ఆదా చేయాలని, మధ్యాహ్నాలు మగ్గాలు ఆపడానికి వీధి నేతగాళ్లంతా ఒప్పుకున్నారు. రుద్రమ్మ పగ వేరే. ఏండ్ల కిందట మొగుడు పోతూ చెప్పిన చివరి మాట ఈ మగ్గాల మోతలో వినబడలేదు. ఆపమని ఆమె షెడ్డు వాకిట్లో గొంతు చించుకున్నా వీరభద్రయ్య తల తిప్పలేదు. మళ్లీ ఆ గడప తొక్కింది ఈ రోజే.

స్విచ్ దించింది. మగ్గాలు ఆగిపోయాయి.

"ఏమప్పా, ఇప్పుడన్నా ఇనపడతాందా?"

అటు తిరిగి చేత్తో నూలు కండెలు చుట్టుకుంటున్న వీరభద్రయ్య కదల్లేదు.

"అరిస్తే ఏం లాభమక్కా?" అంది ఆయన భార్య ఈశ్వరమ్మ. "మీ ఆయన పోకముందే ఈయనకు చెవులు పోయినాయి. ఈ మోతకే. సిగ్గుతో బయట సెప్పుకోలేదు."

రుద్రమ్మ చెయ్యి స్విచ్ మీదే ఉండిపోయింది.

"అట్లయితే ఇన్నేండ్లు నేను శాపాలు పెట్టింది ఎవరికే, ఈశ్వరమ్మా?"