అపెనిసా ఎక్కించిన ఫొటోలు

"ఇక్కడ నొక్కు మామయ్యా. నువ్వు ఒప్పుకుంటేనే, నువ్వు ఫొటోలు ఎక్కించిన సైటు వాటిని నా ప్రోగ్రాంకి ఇస్తుంది," అంటూ ఉనైసి లాప్‌టాప్ ముందుకు జరిపింది.

అపెనిసా ‘అనుమతిస్తున్నాను’ అన్నచోట మంత్రిగారిలా నొక్కాడు. రేపు లౌటోకా ఊళ్లో చర్చి హాల్లో ఆయనకీ భార్య సలోతేకీ పెళ్లిరోజు విందు. తెర మీద ఆలుమగల ఫొటోలు వెయ్యాలన్న పట్టు ఆయనదే.

ఫొటోలు బిలబిలా దిగాయి. ఒడ్డున చేపతో అపెనిసా. ఇంకా పెద్ద చేపతో అపెనిసా. పొద్దుటెండలో, సాయంత్రపుటెండలో, చేపతో అపెనిసా.

"నీ ప్రోగ్రాం చెడిపోయినట్టుంది. మీ అత్త ఏదీ?"

"నువ్వు ఎక్కించినవే తెచ్చింది మామయ్యా. ఎక్కించనివి ఎక్కణ్ణించి తెస్తుంది?"

చేమదుంపలు చెక్కుతున్న సలోతే తలెత్తకుండానే, "అవన్నీ తీసిందెవరో అడుగు," అంది.

ఉనైసి ఒక ఫొటోను పెద్దది చేసింది. ఇసకలో అపెనిసా కాళ్లదాకా పొడుగ్గా ఒక నీడ, దాని తలమీద వెడల్పాటి టోపీ. తర్వాతి ఫొటోలోనూ అదే నీడ, అదే టోపీ.

అపెనిసా ముఖం వెలిగిపోయింది. "చూశావుటే! అన్నింట్లోనూ నిన్ను పెట్టాను!"

సలోతే చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తెరలోకి వంగి చూసింది.

"పెట్టావు. అన్నింట్లోనూ నా నెత్తిమీదే నిలబడ్డావు."