డ్యాష్‌బోర్డు తోలు కింద

సీట్లు కుట్టే యంత్రాలన్నీ మొదటి కుట్టుకు మూడు ముళ్లు ఎందుకు వేస్తాయన్నది, చేత్తో కార్ల సీట్లు కుట్టే అప్పలాచారిని పదేళ్లుగా తొలుస్తున్న సందేహం. వాటివల్ల సీటుకు ఒరిగేదేమీ లేదు. సింహాద్రి అప్పన్నను తలుచుకుని అలా ముళ్లు వేయడం ఆయనొక్కడి అలవాటు.

యంత్రాలొచ్చాక గాజువాకలో చేతికుట్టు అడిగేవాళ్లే లేరు. ఆ రోజు మాత్రం ఒక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు తోలు మార్చడానికి వచ్చింది. పన్నెండేళ్ల కింద కారులోనే కూర్చుని దాని సీట్లు కుట్టింది ఆయనే. డ్యాష్‌బోర్డు పని స్నేహితుడు నూకరాజు చేశాడు. పెళుసెక్కిన ఆ తోలు ఒలవగానే, సూదిమొనంత రంధ్రం వెనక ఆవగింజంత కెమెరా కనిపించింది. దాని చూపు తిన్నగా సీటు మీదే ఉంది.

ఆయన నూకరాజు ఇంటికి వెళ్లాడు.

"నా చేతిపని యంత్రాలవాళ్లకు అమ్మేశావా బావా?"

నూకరాజు తలెత్తలేదు. "నువ్వొప్పుకోవని అడగలేదు."

"పనంటే పోనీ. స్వామి ముళ్లు కూడా ఇచ్చేశావేంరా?"

"అవి తీసేయమనే చెప్పాను. అవి లేకపోతే యంత్రానికి కుట్టు తిన్నగా రావట్లేదంట."

అప్పలాచారి జేబులోంచి వంకర సూది తీసి అరుగు మీద పెట్టాడు.

"పని నేర్చుకునే రోజుల్లో నీ దగ్గర అడిగి తీసుకున్నాను. ఎప్పుడిచ్చినా ఉంచుకోమనేవాడివి. ఇవాళ తీసుకో."